తెలిసిన మాట దగ్గరే ఆగమ్మా

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

మన జిల్లా గురించి దొర రాసిన ఆ పాత ఇంగ్లీషు పుస్తకానికి నువ్వు చేసి పంపిన తెలుగు అనువాదం పదిహేను పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మూలం జోలికి పోకుండా నీ తెలుగు ఒక్కటే చదివాను. సాఫీగా నడిచింది. అత్తయ్యకి కూడా రెండు పేజీలు వినిపించాను, "మన బుజ్జేనా రాసింది" అని మురిసిపోయింది. రెండోసారి ఇంగ్లీషు పక్కన పెట్టుకుని, ఎర్రపెన్ను పట్టుకుని, మాటకు మాట సరిచూశాను.

అప్పుడు ఒక సంగతి కనిపించింది. నీకు రాని మాటల దగ్గర నువ్వు ఒక్క తప్పూ చెయ్యలేదు. వాటి దగ్గర ఆగావు, నిఘంటువు తీశావు, నాలుగు చోట్ల వెతికావు. తప్పులన్నీ నీకు చిన్నప్పటి నుంచి వచ్చిన మాటల దగ్గరే జరిగాయి. ఫ్యాక్టరీ, కార్న్, వాంట్, ప్యూన్, సెటిల్మెంట్. ఇవి వచ్చు కదా అని నీ కన్ను ఆగకుండా ముందుకు పోయింది. "నూట యాభై ఏళ్ళ నాటి ఇంగ్లీషు, టెన్షన్‌గా ఉంది మామయ్యా" అని రాశావు. టెన్షన్ పడేంత పని కాదమ్మా. కష్టమైన మాటల దగ్గర ఎలా ఆగుతున్నావో తెలిసిన మాటల దగ్గర కూడా అలా ఆగడం అలవాటు చేసుకోవాలి. ఈ ఉత్తరమంతా దాని గురించే.

ఈ అలవాటు నాకు ఎలా వచ్చిందో ముందు చెబుతాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, ఒక భూమి తగాదాలో పాత ఇంగ్లీషు దస్తావేజుకు తెలుగు అనువాదం కావాలని తెచ్చారు. కొన్నవాళ్ళు ఆ భూమిని "వితౌట్ ఎనీ లెట్ ఆర్ హిండ్రెన్స్" అనుభవించవచ్చని అందులో ఉంది. లెట్ అంటే నాకు అప్పటికి తెలిసినవి రెండే: రానివ్వడం, అద్దెకివ్వడం. టులెట్ బోర్డులు వీధి వీధికీ కనిపిస్తాయి కదా. భూమి వ్యవహారం కాబట్టి రెండోదే అయ్యుంటుందనుకుని "కౌలుకు ఇవ్వకుండా, అడ్డంకి లేకుండా అనుభవించవలెను" అని రాసిచ్చాను. కొన్నాయన మనవడు అప్పటికి ఎన్నో ఏళ్ళుగా ఆ పొలాన్ని కౌలుకే ఇస్తున్నాడు. నా అనువాదం చదివాక, తాత పెట్టించిన షరతు తాను మీరానేమోనని ఆ పెద్దాయన రెండు రాత్రులు నిద్రపోలేదట. తర్వాత ఒక సీనియర్ వకీలుగారు మూలం తెప్పించుకుని చూసి, నన్ను పిలిచి, "బాబూ, ఇక్కడ లెట్ అంటే ఆటంకం" అన్నారు. ఒక్క ముక్క, మూడక్షరాల మాట. ఆ పెద్దాయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంటికి వచ్చి వెతికితే తేలిందేమిటంటే, పాత ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు మాటలు. ఒకటి వెళ్ళనివ్వడం, రెండోది అడ్డుకోవడం. పలుకుబడి అరిగి అరిగి రెండూ ఒకే రూపానికి వచ్చాయి. హామ్లెట్ నాటకంలో దయ్యం వెంట వెళ్ళబోతున్న హామ్లెట్‌ని స్నేహితులు పట్టుకుంటే, "నన్ను లెట్ చేసినవాణ్ణి దయ్యాన్ని చేస్తాను" అంటాడు. ఆపినవాణ్ణి అని అర్థం. వెళ్ళనిచ్చినవాణ్ణి అనుకుంటే మొత్తం తలకిందులవుతుంది. అంత పాతకాలం దాకా కూడా పోనక్కర్లేదు, నీ పాస్‌పోర్టు తియ్యి. అట్ట తెరవగానే, రాష్ట్రపతి పేరు మీద, ఈ పాస్‌పోర్టు ఉన్నవారిని "వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్" పోనివ్వవలసిందని విదేశాల వాళ్ళను కోరుతూ రాసి ఉంటుంది. అమెరికా వెళ్ళే మన పిల్లలందరి సంచుల్లోనూ ఆ మాట ఉంటుంది. బ్యాడ్మింటన్‌లో సర్వీసు మళ్ళీ చెయ్యమంటూ "లెట్" అని అరుస్తారే, అదీ ఇదే. పాత అర్థం చచ్చిపోదు బుజ్జీ, ఏదో ఒక మూల తలదాచుకుంటుంది.

ఇప్పుడు నీ పేజీల్లోకి వద్దాం.

ఫ్యాక్టరీ అన్నచోట కర్మాగారం అని రాశావు. 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో ఫ్యాక్టరీ పెట్టారంటే అక్కడ ఏ యంత్రమూ తిరగలేదు, ఏ గొట్టం నుంచీ పొగ రాలేదు. నేతగాళ్ళు ఎవరి ఊళ్ళో, ఎవరి మగ్గం మీద వాళ్ళు నేసేవారు. ఆ గుడ్డలు కొని, గోదాములో పెట్టి, ఓడకెత్తే ఈస్టిండియా కంపెనీ ఏజెంటు పేరు ఫ్యాక్టర్. ఆ ఫ్యాక్టర్లు ఉండే చోటు ఫ్యాక్టరీ. మన చరిత్ర పుస్తకాల్లో వర్తక స్థావరం అనేది దీన్నే. అదే వాడు. యంత్రాల షెడ్డు అనే అర్థం బలపడింది ఆ తర్వాత ఎప్పుడో.

కంపెనీ కొలువులో ఫ్యాక్టర్ కింద మెట్టు రైటర్. ఇంగ్లండ్ నుంచి కుర్రవాడుగా వచ్చి లెక్కలు, ఉత్తరాలు రాసేవాడు రైటర్. కొన్నాళ్ళకు ఫ్యాక్టర్, ఆ తర్వాత జూనియర్ మర్చంట్, చివరికి సీనియర్ మర్చంట్. కలకత్తాలో రైటర్స్ బిల్డింగ్‌కి ఆ పేరు వచ్చింది ఈ గుమాస్తాల వల్లే. నువ్వు "రచయితలు" అని పెట్టిన చోట కథలు రాసేవాళ్ళెవరూ లేరు. మన పోలీస్ స్టేషన్లలో ఇప్పటికీ రైటర్ ఉంటాడు, చూడు. ఆయన పని గుర్తు చేసుకుంటే ఆ వాక్యం నీకు వెంటనే అర్థమవుతుంది.

ప్యూన్ మాట నాకు చాలా ఇష్టం, కాస్త ఓపిగ్గా విను. నీ పదకొండో పేజీలో కలెక్టరు వెంట యాభై మంది ప్యూన్లు వెళ్ళారని ఉంటే, నువ్వు యాభై మంది అటెండర్లు అన్నావు. పోర్చుగీసు వాళ్ళ నోట్లో ఆ మాటకు కాలినడకన నడిచే సైనికుడని అర్థం. పాత రికార్డుల్లో ప్యూన్ చేతిలో బల్లెమో కత్తో ఉంటుంది, టీ గ్లాసులు ఉండవు. చదరంగంలో ముందు వరసలో నిలబెట్టే పాన్ కూడా ఈ ప్యూన్‌కి చుట్టమే, రెండింటికీ మూలం ఒకటే. మన తెలుగులో చూడు: చదరంగంలో ఆ కాయను బంటు అంటాం. ఆఫీసు ప్యూన్‌ని బంట్రోతు అంటాం. బంటు అంటే సైనికుడే కదా! వాళ్ళ భాషలో ఆ మాట ఏ దారిన నడిచి యుద్ధం నుంచి ఆఫీసు గుమ్మం దాకా వచ్చిందో, మన మాట కూడా అదే దారిన వచ్చింది. ఇది కనిపించిన రోజున నేను పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నీ వాక్యంలో "బంట్లు" అని పెట్టు, చాలు.

ట్యాంక్ దగ్గర మాత్రం సరిగ్గా చెరువు అన్నావు. హైదరాబాదులో పెరిగినందుకు అది నీకు కలిసొచ్చింది. ట్యాంక్‌బండ్ అంటే చెరువుగట్టే. యుద్ధ ట్యాంకుకి ఆ పేరు మొదటి ప్రపంచయుద్ధంలో వచ్చింది. తయారయ్యేది ఏమిటో బయటికి పొక్కకుండా నీళ్ళ తొట్టి అన్నట్టుగా ఆ పేరు పెట్టుకున్నారు, 1916లో తొలిసారి రంగంలోకి దింపారు. అంతకుముందు రాసిన ఏ కాగితంలోనూ ట్యాంక్ అంటే ఫిరంగి బండి కాదు.

కార్న్ అన్నచోట మొక్కజొన్న వద్దు. స్వీట్‌కార్న్ బండ్లు, సినిమా హాల్లో పాప్‌కార్న్ అలవాటై మనకు ఆ అర్థం ఒక్కటే నిలిచింది. ఇంగ్లండులో కార్న్ అంటే ధాన్యం, ఏ గింజైనా సరే. 1815 నుంచి 1846 దాకా ఇంగ్లండులో నడిచిన కార్న్ లాస్ గోధుమ లాంటి ధాన్యాల దిగుమతి గురించి. మన జిల్లా సంగతి రాసే దొర "కార్న్" అంటే ఆ పొలంలో ఏం పండుతుందో ముందు వెనక వాక్యాలు చూసుకుని తేల్చుకో. తేలకపోతే "ధాన్యం" అని వదిలెయ్యి.

సెటిల్మెంట్ ఇంకో తిప్పలు పెట్టే మాట. ఈ రోజు మనకు సెటిల్మెంట్ అంటే తగాదా తీర్చడం, సినిమాల్లో అయితే రౌడీల పంచాయితీ. 1802లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన పర్మనెంట్ సెటిల్మెంట్ అంటే జమీందారు కట్టాల్సిన శిస్తు శాశ్వతంగా ఇంతని ఖాయం చెయ్యడం. దానికి పాత తెలుగు మాట శిస్తు బందోబస్తు. అయితే ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. నువ్వు బందోబస్తు అని రాస్తే ఈ కాలం పాఠకుడి కళ్ళ ముందు గణేశ్ నిమజ్జనం, లాఠీలు పట్టుకున్న పోలీసులు కనిపిస్తారు. మూలంలో మాట మారింది, దానికి మనం పెట్టే తెలుగు మాట కూడా మారింది. ఇలాంటి చోట పాండిత్యం చూపించుకోకుండా "శిస్తు ఖాయం చేశారు" అనెయ్యి.

వాంట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, అది పేజీకి రెండుసార్లయినా వస్తుంది కాబట్టి. "రైతులు నీళ్ళు కోరుకుంటున్నారు" అని రాశావు. అక్కడ ఉన్నది "రైతులకు నీళ్ళు లేవు" అని. వాంట్ అంటే మొదట లేకపోవడం, కొరత. లేనిదాన్నే కదా మనిషి కోరుకునేది, అలా తర్వాత కోరడం అనే అర్థం వచ్చి చేరింది. ఇది నాకు ఏ నిఘంటువూ నేర్పలేదు. నేను చదువుకున్న మిషన్ స్కూల్లో పొద్దున ప్రార్థనలో ఇరవై మూడో కీర్తన చదివించేవారు. ఇంగ్లీషులో "ఐ షల్ నాట్ వాంట్". నాకేమీ అక్కర్లేదు అంటున్నాడేమిటి ఈయన అనుకునేవాణ్ణి. ఒకరోజు పక్కబెంచీ కుర్రవాడు తన తెలుగు బైబిలు చూపించాడు: "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు." లేమి! ఒక్క మాటతో చిక్కు విడిపోయింది.

అందుకే నీకు చెప్పే మొదటి ఉపాయం ఇది. పాత ఇంగ్లీషు మాట పట్టుబడకపోతే 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలునీ, మన తెలుగు బైబిలునీ పక్కపక్కన పెట్టుకో. ఏ మతమైనా సరే, భాష నేర్చుకునేవాళ్ళకు అంత మంచి బడి దొరకదు. అక్కడ "సఫర్ లిటిల్ చిల్డ్రన్" అంటే పిల్లలు బాధపడాలని కాదు, వాళ్ళను రానివ్వండి అని. "క్విక్" అంటే ప్రాణమున్నవాళ్ళు; పాదరసాన్ని క్విక్‌సిల్వర్ అనేది ప్రాణమున్న వెండిలా కదులుతుందని. "ప్రివెంట్" అంటే ముందుగా రావడం. తెల్లవారడాన్ని నేను ప్రివెంట్ చేశాను అని కీర్తనకారుడు అంటే, తెల్లవారకముందే లేచాను అని అర్థం. ముందే వెళ్ళి నిలబడినవాడు దారికి అడ్డం కూడా అవుతాడు కదా, అలా ఈనాటి అర్థం వచ్చింది. ఇంకో సంగతి గమనించావా, ఆ బైబిలు అచ్చయింది, ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నం రేవులో దిగింది ఒకే ఏడాది. ఆ ఓడ దిగినవాళ్ళు మాట్లాడిన ఇంగ్లీషు అదే.

రెండో ఉపాయం నీ దగ్గర పుట్టుకతోనే ఉంది, నువ్వు వాడటం లేదు. అది తెలుగు చెవి.

కింగ్ జేమ్స్ బైబిల్లో మొక్కలనూ పండ్లనూ మనిషికి "మీట్" గా ఇచ్చానని దేవుడంటాడు. పండ్లు మాంసమెలా అవుతాయని ఇంగ్లీషు పిల్లలు తికమకపడతారు. మనం పడక్కర్లేదు. అన్నం అంటే మొదట తినేది ఏదైనా అన్నమే. అన్నం పరబ్రహ్మ స్వరూపం అన్నప్పుడు వండిన బియ్యం ఒక్కటే కాదు కదా. తర్వాత మనం రోజూ తినే బియ్యపు మెతుకులకే ఆ పేరు కుదించుకున్నాం. వాళ్ళు మాంసానికి కుదించుకున్నారు. స్వీట్‌మీట్ అనే మిఠాయి మాటలో ఆ పాత మీట్ మిగిలింది. డీర్ కూడా అంతే. ఒకప్పుడు ఏ జంతువైనా డీరే. షేక్‌స్పియర్ ఎలుకల్ని కూడా చిన్న డీర్ల కింద లెక్కేశాడు. మన మృగం చూడు. మృగరాజు అంటే సింహం, అక్కడ మృగం అంటే జంతువు. మృగనయని అంటే లేడికళ్ళ పిల్ల, అక్కడ మృగం అంటే లేడి. రెండూ ఒకే భాషలో పక్కపక్కనే పెట్టుకుని మనం ఇబ్బంది లేకుండా బతికేస్తున్నాం.

సిల్లీ అనే మాట మొదట ధన్యుడు, దేవుడి దయ ఉన్నవాడు అన్న అర్థంలో ఉండేది. అక్కణ్ణుంచి పాపం ఎరుగనివాడు, అక్కణ్ణుంచి జాలిపడదగ్గవాడు, చివరికి తెలివి తక్కువవాడు. ఇంత దూరం ఎలా దిగజారిందా అనిపిస్తే అమాయకుడు అన్న మాటని తలుచుకో. మాయ లేనివాడు, కపటం లేనివాడు, అది పొగడ్త. ఇప్పుడు "వాడొట్టి అమాయకుడు" అంటే ఎవరైనా మోసం చేసేస్తారని అర్థం. మంచితనాన్ని తెలివితక్కువతనంగా చూడటం ఒక్క దేశంలో ఉన్న అలవాటు కాదు.

అన్నిటికంటే నాకు ఉపయోగపడింది డౌట్. ఈనాటి ఇంగ్లీషులో ఐ డౌట్ అంటే నాకు నమ్మకం లేదు అని. పాత ఇంగ్లీషులో చాలాసార్లు దానికి తిరగబడ్డ అర్థం: జరిగిందనే అనుకుంటున్నాను, భయపడుతున్నాను. "ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే" అని హామ్లెట్ అన్నప్పుడు, ఏదో మోసం జరిగిందని అతని అనుమానం. చూశావా, నేను అనుమానం అనగానే నీకు అర్థమైపోయింది! "వాడొస్తాడో రాడో అనుమానమే" అంటాం, "వాడే తీశాడని నా అనుమానం" అంటాం. రెండు అర్థాలూ ఒకే మాటలో పెట్టుకున్నవాళ్ళం మనం. పాత ఉత్తరాల్లో డౌట్ కనిపిస్తే "అనుమానం" పెట్టి చదువు, తొంభై పాళ్ళు వాక్యం దానంతటదే కుదురుకుంటుంది.

ఇప్పుడు నీ పుస్తకానికి కావలసిన అసలు జాగ్రత్త చెబుతాను. మన గురించి మనమే పొరబడే చోటు ఇది.

జెంటూ అనే మాట నువ్వు కింద గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలావు. మంచి పని చేశావు. పోర్చుగీసువాళ్ళు క్రైస్తవులూ ముస్లిములూ కాని ఇక్కడి జనాన్ని జెంటియో అన్నారు. ఇంగ్లీషువాళ్ళ నోట్లో అది జెంటూ అయింది. 1776లో నథానియల్ హాల్‌హెడ్ అచ్చువేయించిన జెంటూ చట్టాల పుస్తకంలో జెంటూ అంటే హిందువు. కానీ మద్రాసులో జెంటూ అంటే తెలుగు, తెలుగువాడు. 1816లో ఏ.డి. క్యాంప్‌బెల్ మద్రాసులో అచ్చువేయించిన తెలుగు వ్యాకరణం పేరులోనే, తెలుగును సామాన్యంగా జెంటూ అంటారని ఉంటుంది. ఒకే మాట, ఒక ఊళ్ళో మతం, ఇంకో ఊళ్ళో భాష. కాబట్టి ఏ సంవత్సరం అన్నదానితో పాటు ఎక్కడ కూర్చుని రాశారు అన్నది కూడా చూడాలి. కలకత్తా కాగితమా, మద్రాసు కాగితమా? అదే మద్రాసు కాగితాల్లో మలబార్ అంటే కేరళ అనుకోకు, చాలాచోట్ల అది తమిళం. మూర్స్ అంటే ముస్లిములు, ఒక్కోసారి హిందుస్తానీ భాష. "మలబార్, జెంటూ, మూర్స్ వచ్చిన దుబాసీ" అని కనిపిస్తే, తమిళం, తెలుగు, హిందుస్తానీ వచ్చినవాడన్న మాట. తెలుగువాళ్ళ సంగతి ఉన్న ఎన్ని కాగితాలు, పైన తెలుగు అన్న పేరు లేక మన పిల్లల కంట పడకుండా పోతున్నాయో అని నాకు బెంగ. నువ్వు ఈ పని చేస్తానన్నప్పుడు నేను అంత సంతోషపడింది అందుకే.

మన మాట అటు వెళ్ళి మారిన కథ ఒకటి, ఇది నీ కోసం. పందికొక్కు ఇంగ్లీషులోకి వెళ్ళి బ్యాండికూట్ అయింది. ఆ పేరునే పట్టుకెళ్ళి ఆస్ట్రేలియాలో కంగారూలాగా పొట్టసంచి ఉండే ఒక చిన్న జంతువుకి పెట్టారు. దానికీ మన గాదెల్లో వడ్లు తినేదానికీ ఏ చుట్టరికమూ లేదు. తెలుగువాడు ఆస్ట్రేలియా వెళ్ళి బ్యాండికూట్ చూస్తే, తాత ఊళ్ళోని మాట, ఎవరిదో ఒళ్ళు.

పనిముట్ల సంగతి. మాటల వయసు తెలియాలంటే ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువుని మించింది లేదు. 1857లో ఆలోచన మొదలై, 1884లో మొదటి భాగం వచ్చి, 1928కి గానీ పూర్తి కాలేదు. వేలమంది ఊరికే, డబ్బు తీసుకోకుండా, పాత పుస్తకాలు చదివి, మాట కనిపించిన వాక్యాన్ని చీటీ మీద రాసి పంపితే తయారైంది. దాంట్లో అర్థాలు పాతది ముందు, కొత్తది వెనక అన్న వరసలో ఉంటాయి. మామూలు నిఘంటువులో మొదటి అర్థం తీసుకునే అలవాటు అక్కడ పనికిరాదు. నీ పుస్తకం ఏ సంవత్సరానిదో, ఆ సంవత్సరం చుట్టుపక్కల ఏ ఉదాహరణ ఉందో అది చూడు. పద్దెనిమిదో శతాబ్దానికైతే 1755 నాటి జాన్సన్ నిఘంటువు. అందులో ఎంథూజియాజం అంటే ఉత్సాహం అని ఉండదు. దేవుడు తనతో విడిగా మాట్లాడాడనుకునే వట్టి భ్రమ అని ఉంటుంది. ఒక పాదిరీ గురించి ఆ మాట వాడితే అది తిట్టు. కంపెనీ కాగితాలకు 1886లో వచ్చిన యూల్, బర్నెల్‌ల హాబ్సన్-జాబ్సన్. జెంటూ, ప్యూన్ అన్నీ అందులో ఉంటాయి, ఏ సంవత్సరంలో ఎవరు ఎలా వాడారో వాక్యాలతో సహా.

ఇక బ్రౌన్. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. దాన్ని అందరూ తెలుగు కోసం చూస్తారు. నువ్వు తిరగేసి చూడు. ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీసి, నీకు బాగా తెలిసిన ఇంగ్లీషు మాట వెతుకు. ఆ రోజుల్లో ఆ మాటకు ఏ తెలుగు పెట్టారో కనిపిస్తుంది. అంటే 1850ల నాటి ఇంగ్లీషు మాటకి సాక్ష్యం మన తెలుగులోనే దొరుకుతుంది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, హాబ్సన్-జాబ్సన్ రెండూ షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు నెట్‌లో ఉచితంగా పెట్టారు, ఫోన్లోనే చూసుకోవచ్చు.

రాసుకునేటప్పుడు మాటని ఒంటరిగా రాసుకోకు. వాక్యం మొత్తం రాయి, పక్కన సంవత్సరం వెయ్యి, ఎవరు ఎవరికి రాశారో వెయ్యి. కింది ఉద్యోగి పై దొరకి "మీ కండిసెన్షన్‌కి కృతజ్ఞుణ్ణి" అని రాస్తే అది దెప్పిపొడుపు కాదు. పెద్ద హోదాలో ఉన్నవాడు కిందివాళ్ళతో కలుపుగోలుగా మెలగడాన్ని ఆ రోజుల్లో మెచ్చుకుంటూ అనే మాట అది. 1813 నాటి ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ నవలలో పాదిరీ కాలిన్స్ తన యజమానురాల్ని ఆ మాటతోనే ఆకాశానికెత్తుతాడు. "ఐ యామ్ సెన్సిబుల్" అంటే నేను తెలివైనవాణ్ణని కాదు, నాకు తెలుసు, గుర్తించాను అని. సర్వే కాగితాల్లో కంప్యూటర్ కనిపిస్తే కంగారుపడకు, అది మనిషి. ఎవరెస్టు ఎత్తు లెక్కల్లో పేరు వినిపించే రాధానాథ్ సిక్దర్ 1831లో సర్వేలో చేరింది ఆ ఉద్యోగంలోనే, లెక్కలు కట్టే పని.

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. మాటల పుట్టుక మీద వాట్సాప్‌లో తిరిగే కథలు నమ్మకు. న్యూస్ అంటే నాలుగు దిక్కుల పేర్ల మొదటి అక్షరాలని ఎవరో పంపితే మన బంధువుల గ్రూపులో అందరూ చేతులు జోడించారు. న్యూస్ అంటే కొత్తవి, అంతే. పాష్ అన్న మాట ఇండియా ఓడల టికెట్ల మీద వేసే ముద్ర నుంచి వచ్చిందని ఇంకో కథ. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. కథ ఎంత ముచ్చటగా ఉంటే అంత గట్టిగా అనుమానించు.

అలాగే పాత అర్థమే అసలైన అర్థమని పట్టుబట్టకు. నైస్ అన్న మాట లాటిన్‌లో ఏమీ తెలియనివాడు అన్నదాని నుంచి వచ్చింది, 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో మూర్ఖుడనే అర్థం. అంత మాత్రాన ఈ రోజు ఎవరైనా నిన్ను నైస్ గర్ల్ అంటే కోప్పడతావా? ఉద్యోగపర్వంలో ఎవరికీ గవర్నమెంటు జాబు రాలేదు. అక్కడ ఉద్యోగం అంటే యుద్ధ ప్రయత్నం. ఆ అర్థం అక్కడికే, ఈ అర్థం ఇక్కడికే. రాసినవాడి కాలంలో ఏమిటన్నదే నీకు కావాలి, దానికి ముందుదీ వద్దు, తర్వాతదీ వద్దు.

ఎర్రపెన్ను గీతలతో నీ పేజీలు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. గీతలు ఎక్కువ కనిపిస్తాయి గానీ మాటలు తొమ్మిదే, అవే మళ్ళీ మళ్ళీ వచ్చాయి. దిద్దుకోవడానికి ఒక పూట చాలు. పదహారో పేజీ నుంచి నార్తర్న్ సర్కార్స్ మొదలవుతుంది. అక్కడ సర్కార్ అంటే ప్రభుత్వం అనుకుని దూకెయ్యకు, అది శిస్తు వసూలుకు విడదీసిన జిల్లా లాంటి భాగం. సర్కారు జిల్లాలు అన్న పేరు అక్కడిదే. ఆ అధ్యాయం పూర్తి చెయ్యకముందే ఒకసారి ఫోన్ చెయ్యి, ఊళ్ళ పేర్ల స్పెల్లింగులు ఇద్దరం కలిసి చూద్దాం. దొరలు రాసిన రాతలో మన ఊళ్ళను గుర్తుపట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

సంక్రాంతికి వస్తున్నావు కదా. నా దగ్గరున్న బ్రౌన్ అచ్చు ప్రతి నీకిస్తాను. నెట్‌లో ఉన్నా సరే, ఇది నీ దగ్గర ఉండాలి. అంచుల్లో నలభై ఏళ్ళుగా నేను రాసుకున్నవి ఉన్నాయి. అట్ట ఊడింది. "ప" దగ్గర రెండు ఆకులు విడిగా ఉన్నాయి, వాటిని పోనివ్వకు.

ఇట్లు,
మీ మామయ్య